తాళంచెవులు

వూచ్ నగరంలో, మూతబడ్డ నూలుమిల్లుల వెనక
రెండు కాలేజీలకి ఒకటే గుమ్మం.
ఎడమవైపు యంత్రాల విభాగం,
కుడివైపు పసిపిల్లల బడికి టీచర్ల శిక్షణ.
మధ్యలో గాజు కిటికీ,
కిటికీలో నేను, గెనోవెఫాని.
నా వెనక చెక్కకి నూట నలభై మేకులు,
మేకుకో తాళంచెవి.

ఇరవై ఆరేళ్ళుగా
అడక్కముందే అందిస్తాను.
బూట్ల చప్పుడికే చెయ్యి లేస్తుంది,
మొహం కనబడేలోపు మేకు మీద ఉంటుంది.
పోతగది, లేతుగది, వెల్డింగుగది: ఎడమ చెయ్యి.
పియానోగది, బొమ్మలగది, కథలగది: కుడి చెయ్యి.
"ఎంత జ్ఞాపకశక్తో మీకు!" అనేవారు.
జ్ఞాపకశక్తే అనుకున్నాను.

మొన్న అక్టోబరులో
తడిసిన గొడుగు మూసుకుంటూ ఒక పిల్ల వచ్చింది. కొత్త.
నా కుడి చెయ్యి తన పని తాను చేసేసింది.
పిల్ల చెవి పుచ్చుకుంది, మర్యాదగా తల ఊపింది,
కుడి నడవాలోకి వెళ్ళింది,
నాలుగు నిమిషాలకి తిరిగొచ్చింది.
"నాది పోతగదండీ."
గొంతులో కోపం లేదు.
అదే గుచ్చుకుంది.
అలవాటైపోయినవాళ్ళ గొంతు అది,
పద్దెనిమిదేళ్ళకే.

రిజిస్టరులో రాసింది: కలీనా.
మా భాషలో "తీసుకున్నాను" అనడానికి
మగవాడికొక మాట, ఆడదానికొక మాట.
ఆ పిల్ల వెళ్ళాక పోతగది పేజీలు వెనక్కి తిప్పాను,
జూన్, మే,
ఆడమాట ఎక్కడైనా ఉందేమోనని
ఈస్టరు దాకా వెళ్ళాను.
దొరికింది ఒకటి.
చేతిరాత నాదే.
గాలివానకి కిటికీ రెక్కలు వేసి రావడానికి
వెళ్ళిన రాత్రిది.

మిల్లులో ఉన్న రోజుల్లో
పన్నెండో మగ్గం బేరింగు పోతోందని
రెండ్రోజుల ముందే చెప్పేదాన్ని, చప్పుడు విని.
మెకానిక్ వచ్చేవాడు. మంచివాడే,
నా మాట వినేవాడు,
విప్పేవాడు, బిగించేవాడు,
కార్డు మీద తన పేరు రాసుకునేవాడు.
నువ్వే విప్పరాదూ అని అతనూ అనలేదు,
నాకూ తోచలేదు.
అడ్డం వచ్చినవాళ్ళెవరూ లేరు.
అడిగినవాళ్ళూ లేరు.
మిల్లు మూసినరోజు కూడా
పన్నెండోది ఏదో చెబుతూనే ఉంది,
మధ్యాహ్నం కరెంటు తీసేసేదాకా.

ఇంకొకడున్నాడు, సెవెరిన్. తలుపంత భుజాలు.
లేతుగది చెవి ఇస్తే
నోరెత్తకుండా పట్టుకుపోయేవాడు, మూడు వారాలు.
బెంచీ మీద కూర్చుని
జనం పలచబడ్డాక దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి
అప్పుడు గొణిగేవాడు: "పియానోగది."
ఇంట్లో లాజిస్టిక్స్ అని చెప్పాడట.
ఇరవైమంది మూడేళ్ళ పిల్లల్ని
వానలో పార్కుకి తీసుకెళ్ళి
ఇరవైమందినీ వెనక్కి తేవడం
లాజిస్టిక్స్ కాకపోతే మరేమిటి నాయనా, అన్నాను.
నవ్వలేదు.
నడవా చివరికి వెళ్ళాక నవ్వినట్టున్నాడు,
భుజాలు కదిలాయి.

వీపు వెనక నూట నలభై చెవులు వేలాడుతుండగా
వినకుండా కూర్చున్నదాన్ని నేనే.

ఇప్పుడు చేతులు రెండూ బల్ల మీదే పెట్టుకుంటాను.
"ఏ గది?"
అందరినీ అడుగుతాను.
క్యూ పెరుగుతోందని ఆఫీసు నుంచి చీటీ వచ్చింది.
నిన్న ప్రొఫెసర్ ఒల్గెర్డ్ వచ్చాడు,
నాకంటే ముందునుంచీ ఇక్కడున్న మనిషి.
"ఏ గది?"
"ఒంట్లో బాగుందా గెనోవెఫా?
లేతుగదికి కాక నేనెక్కడికి పోతాను?"
"ఏమో ప్రొఫెసరుగారూ,
ఒకనాటికి పియానో మీదికి మనసు పోవచ్చు."
ఆయన మొహం చిట్లించాడు.
నేను నెమ్మదిగా లేచి, మేకు వెతికి,
చెవి తెచ్చేలోపు
ఆయన వేళ్ళు, చిరాగ్గా,
బల్ల అంచు మీద
ఏదో వాయిస్తున్నాయి.